అరుపులకు మాత్రమే పిలిచారు

నా కూతురు పుట్టిన కొత్తలో నేను అసూయపడని మనిషంటూ లేదు. అది మొదలైంది కుర్చీల దగ్గర. ఎదురింటావిడ ప్లాస్టిక్ స్టూలు మీద ధబ్బున కూలబడి చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటుంటే నాకు ఒళ్ళు మండేది. అలా కూలబడగలగడం ఎంత భాగ్యమో ఆవిడకు తెలియనే తెలియదు కదా అని. తర్వాత తుమ్మేవాళ్ళ వంతు వచ్చింది. జలుబు చేసినవాళ్ళు నిశ్చింతగా, ఏ భయమూ లేకుండా వరసపెట్టి తుమ్ముతుంటే గుడ్లప్పగించి చూసేదాన్ని. పెద్దాపరేషన్ చేయించుకున్న మా పిన్ని కూతురు "నాకు కడుపు కోశారే, నీదే నయం" అన్నప్పుడైతే ఫోను గోడకేసి కొట్టాలనిపించింది.

చివరికి నా బిడ్డ మీద కూడా పడ్డాను. అది కడుపుబ్బి గుక్కపట్టి ఏడ్చి, ఎప్పటికో కాస్త గాలి వదిలేది. అప్పుడు మా అమ్మ "ఎల్లింది, నా బంగారానికి ఎల్లింది" అంటూ దాని బొజ్జ మీద ముద్దులు కురిపించేది. మా ఆయన వంటింట్లోంచి తొంగిచూసి మరీ సంతోషించేవాడు. అదే పని నా ప్రమేయం లేకుండా నా ఒంట్లోంచి జరిగితే మాత్రం ఇద్దరూ గోడ మీద క్యాలెండరు చూసేవాళ్ళు.

దాచడమెందుకు, చెప్పేస్తాను. కాన్పులో నాకు కింద చిరిగింది. తొలి కాన్పులో చాలామందికి కాస్తో కూస్తో చిరుగుతుంది, కుట్లు వేస్తారు, మానిపోతుంది. నాది అంతటితో ఆగలేదు. వెనక ద్వారం చుట్టూ ఉంగరంలా ఒక కండరం ఉంటుందట, అక్కడి దాకా చిరిగింది. బిడ్డ తల బయటపడే సమయంలో డాక్టరు "ఇప్పుడు ముక్కకండి, నోటితో ఊదండి, ఊదండి" అని అరుస్తూనే ఉంది. ఊదడానికి నేను ప్రయత్నించాను. ఒళ్ళు వినలేదు. బిడ్డను నా గుండెల మీద పెట్టి, నేను దాని వేళ్ళు చూసుకుంటుండగానే నన్ను థియేటరులోకి తీసుకెళ్ళి, మత్తిచ్చి కుట్టారు.

అంతకుముందు ఆ కండరం ఒకటుందనే నాకు తెలియదు. దాని పనల్లా పట్టి ఉంచడమే. అది సరిగా పట్టకపోతే నవ్వినా, వంగినా, గట్టిగా మాట్లాడినా గాలి జారిపోతుంది. ఒక్కోసారి గాలితో ఆగదు కూడా. ఇంకో ఉద్యోగంలో ఉంటే నెట్టుకొచ్చేదాన్నేమో. కానీ నా బతుకు మైకు ముందు. నేను డబ్బింగ్ చెబుతాను.

ఫిల్మ్‌నగర్‌లో ఒక ఎత్తురోడ్డు ఎక్కి, బండల పక్కన సందులోకి తిరిగితే మేం పని చేసే స్టూడియో. లోపల మైకు ఉండే గదికి తలుపు వేశారంటే బయటి ప్రపంచం పోతుంది. ఏసీ కూడా ఆపేస్తారు. చేతి గాజులు తగిలితే వినబడుతుంది, గంజి పెట్టిన చీర కదిలితే వినబడుతుంది, ఆకలేసి కడుపులో గుర్రుమంటే అదీ వినబడుతుంది. అందుకే మేం మెత్తటి నూలు బట్టలు వేసుకుని, కాస్త తినే వెళతాం. ఉత్తరాది నుంచి వచ్చిన ఒక హీరోయిన్‌కి తెలుగులో మొదటి సినిమా నుంచీ నేనే గొంతు. తెరమీద ఆమె ఏడిస్తే ఏడ్చింది నేను, ఆమె అలిగితే అలిగింది నేను. ఆమె తెలుగు భలే ముద్దుగా మాట్లాడుతుందని మా వీధిలోవాళ్ళే నాకు చెప్పేవాళ్ళు.

ఆ తెలుగు నాకు ఊరికే రాలేదు. నేను పుట్టి పెరిగింది రహమత్‌నగర్‌లో. మా ఇంట్లో ఎవరైనా "అచ్చిండు", "పోయిండు" అంటారు గానీ "వచ్చాడండీ", "వెళ్ళాడండీ" అనేవాళ్ళు లేరు. సినిమాల తెలుగు కోసం నేను కొన్నేళ్ళు రేడియో వింటూ, అద్దం ముందు నిలబడి నాలుక తిప్పుకున్నాను. మా అమ్మ చాటుగా విని, "ఎవలతోని మాట్లాడుతున్నవే అంత మర్యాదగ?" అని నవ్వేది. ఇంటి గడప దాటితే ఒక నోరు, మైకు ముందు ఇంకో నోరు. రెండూ కలవకుండా చూసుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

మా స్టూడియోలోనే పని చేసే ఒక పిల్లకి మాత్రం ఆ తెలుగు పుట్టుకతోనే వచ్చింది. తెనాలి వైపు నుంచి వచ్చింది. గుంపు సీన్లలో ఒకటీ అరా మాటలు చెబుతూ ఉండేది. గొంతు బాగుంటుంది. బాగుంటుందని మొదట అన్నది నేనే. నాకు నెలలు నిండుతున్నప్పుడు హీరోయిన్ కొత్త సినిమా డబ్బింగ్‌కి వచ్చింది. అప్పుడు ట్రాక్ చెప్పడానికి ఆ పిల్లని పిలిపించింది కూడా నేనే. ట్రాక్ అంటే తాత్కాలికంగా చెప్పి పెట్టే గొంతు. మిగతా పని ఆగకుండా ఎవరో ఒకరు చెప్పి పెడతారు, అసలు మనిషి వచ్చాక దాన్ని తీసేసి తన గొంతు పెడుతుంది. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టన్నమాట. తువ్వాలే సీటు తీసేసుకుంటుందని ఎవరనుకుంటారు?

"మీరు హాయిగా కాన్పు చేసుకుని రండక్కా. నేను చెప్పి పెడతాను, మీరొచ్చాక మీ గొంతుతో మార్చేసుకోండి," అంది ఆ పిల్ల. పండ్లు కూడా తెచ్చింది. కడుపు తడిమి చూసి "ఆడపిల్లేనక్కా, చూడండి" అంది. అదీ నిజమే అయింది.

రహమత్‌నగర్‌లో పుట్టింట్లోనే నా బాలింతతనం గడిచింది. అమ్మకి చిరుగు సంగతి చెబితే కాసేపు బిత్తరపోయి, ఆ తర్వాత తనకు తెలిసిన వైద్యం మొదలుపెట్టింది. నడుముకు చీర బిగించి కట్టింది. కాళ్ళు కత్తెరేసినట్టు దగ్గరగా పెట్టుకుని పడుకోమంది. వెల్లుల్లి కారం అన్నం పెట్టింది. నీళ్ళ చెంబు మాత్రం నాకు అందకుండా దాచేసింది.

"నీళ్ళు గన్ని తాగితే పొట్ట జారుతది బిడ్డా. జర ఓపిక పట్టు."

"డాక్టరు బాగా తాగమన్నదే. దొడ్డికి గట్టిగైతే కుట్లు పోతయంటనే."

"గామెకేం తెలుసు, గామె కన్నదా?"

ఆ డాక్టరు ఇద్దరు పిల్లల్ని కన్నది. అయినా అమ్మ నమ్మలేదు. చివరికి ఒక పొద్దున నేను బాత్రూములో ఏడ్చిన ఏడుపు విని తనే చెంబు తెచ్చి పక్కన పెట్టింది. మర్నాడు ఎర్రగడ్డ మార్కెట్‌కి వెళ్ళి ఆకుకూరలు సంచినిండా తెచ్చింది. అప్పటినుంచీ నీళ్ళు తాగావా, తాగావా అని చంపేసింది.

బిడ్డకు మూడో నెల రాకముందే నేను స్టూడియోకి పరుగెత్తాను. డాక్టరు ఇంకొన్నాళ్ళు ఆగమంది, స్కాను చేసి చూద్దామంది. నాకు ఆగాలని లేదు. ఆ పిల్ల గొంతు హీరోయిన్ పెదాల మీద అతుక్కుపోతుందేమోనని నిద్ర పట్టడం లేదు. ఆటో ఎక్కాను. యూసుఫ్‌గూడ నుంచి చెక్‌పోస్టు దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో మామూలు మనుషులకి తెలియదు, నాకు తెలుసు.

మొదటి సీనే మొగుణ్ణి నిలదీసే సీను. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను, కుర్చీ అంచున కూర్చున్నాను, హీరోయిన్ పెదాలు కదిలాయి, నేను గొంతెత్తాను. "నన్నేమనుకుంటున్నావ్" అన్నంతలో నా ఒళ్ళు నన్ను మోసం చేసింది.

గాజుకి అవతల సౌండ్ చూసే అతను చాలా మర్యాదస్తుడు. "మేడమ్, ఏదో నాయిస్ వచ్చింది. కుర్చీ అనుకుంటా," అన్నాడు.

"అవును, కుర్చీయే," అన్నాను.

అతను లోపలికి వచ్చి కుర్చీ తీసేశాడు. రెండో టేకు నిలబడి చెప్పాను. కుర్చీ లేకుండానే అదే చప్పుడు వచ్చింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది, నేనూ నవ్వేసి బయటపడేదాన్ని. సౌండ్ అతను బటన్లు చూసుకున్నాడు. డబ్బింగ్ చూసే డైరెక్టరు గారు నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఉండిపోయారు. ఆ పిల్ల సోఫా మూల కూర్చుని తల వంచుకుని ఫోను చూసుకుంటోంది. ఆ ఫోను వెలగడం లేదు. నల్లటి అద్దాన్నే చూస్తోంది. ఆ మర్యాదకి నేను ఆమెని ఈనాటికీ క్షమించలేదు.

పాపకి ఒళ్ళు వెచ్చబడిందని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను. కొన్నాళ్ళకు తెలిసింది, ట్రాక్ అలాగే ఉంచేశారని. ఎవరూ నాకు ఫోను చేసి చెప్పలేదు. ట్రైలరు వస్తే చూశాను. హీరోయిన్ కొండ మీద నిలబడి జుట్టు ఎగిరిపోతుంటే "నువ్వు రాకపోతే నేనే వస్తాను" అంటోంది, ఆ పిల్ల గొంతుతో. బాగా చెప్పింది. చెడ్డగా చెప్పి ఉంటే నాకు అంత నొప్పి ఉండేది కాదు. "వస్తాను" దగ్గర ఒక చిన్న విరుపు విరిచింది, నేనైతే విరవను. అది వినడం కోసమే ట్రైలరు మళ్ళీ మళ్ళీ పెట్టుకున్నాను. పాలిస్తూ కూడా పెట్టుకున్నాను. "ఆపు ఇగ, పాలు ఇగిరిపోతయ్," అని అమ్మ ఫోను లాక్కుంది.

సరిగ్గా అప్పుడు డైరెక్టరు గారి ఫోను వచ్చింది.

"అమ్మా, పాప బాగుందా? ఏం లేదమ్మా, క్లైమాక్స్‌లో డెలివరీ సీన్ ఉంది. ఆ అమ్మాయి డైలాగులు బ్రహ్మాండంగా చెప్పింది గానీ, అరుపులు రావట్లేదు. పాపం పెళ్ళి కాని పిల్ల. మీరైతే స్వయంగా... అదే, అనుభవం ఉంది కదా. అరుపులు మాత్రం చెప్పి వెళ్ళండి."

డైలాగులు బ్రహ్మాండంగా చెప్పిందట. అరుపులు మాత్రం నావట. ఉమ్మేయాలనిపించింది. "తప్పకుండా సార్" అన్నాను.

ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. ఒక్కసారి ఆ గదిలోకి వెళ్ళి, ఒక్క కేక వేస్తే, ఈ గొంతే కావాలని వాళ్ళకే తెలిసొస్తుందని నా ఆశ. కానీ కోపంగా ఒక మాట అంటేనే నిలవని ఒళ్ళు, పురిటి కేకకి నిలుస్తుందా? నిలవకపోతే ఈసారి తీసేయడానికి కుర్చీ కూడా లేదు. ఆ రోజే డాక్టరుకి ఫోను చేసి స్కాను ఎప్పుడని అడిగాను.

జూబ్లీహిల్స్‌లో ఆ స్కానింగ్ సెంటరుకి నేనూ, అమ్మా, అమ్మ ఒళ్ళో పాపా వెళ్ళాం. ఇక్కడ ఆడా మగా చెప్పబడదని గోడకి బోర్డు ఉంది. దాని కింద కడుపుతో ఉన్న ఆడవాళ్ళు వరసగా కూర్చున్నారు. నిండుగా, నెమ్మదిగా, ఒక చెయ్యి పొట్ట మీద వేసుకుని. వాళ్ళనీ వదల్లేదు నేను. వీళ్ళింకా చిరగలేదు కదా అనుకున్నాను.

కౌంటర్లో అమ్మాయి తల ఎత్తకుండా "ఎన్నో నెల?" అంది.

నేను నోరు తెరిచేలోపు మా అమ్మ అందుకుంది. "ఏ నెల లేదు తల్లీ. గిదో, మూడు నెలల పోరి నా సంకల ఉన్నది కనిపిస్తలేదా? కుట్లు మానినయా లేవా సూపెట్టనీకొచ్చినం."

హాలంతా నా వైపు తిరిగింది. పక్కనున్న ముసలావిడ మా అమ్మ చెవి దగ్గరికి వంగి, "కుట్లకు గూడ స్కానింగా? మల్లా కడుపు నిలిచిందేమో చూసుకోండ్రి," అని సలహా ఇచ్చింది. ఆమెని అనేం లాభం, నాక్కూడా స్కానంటే లోపలున్న బిడ్డని చూడటమే అని తెలుసు. బిడ్డ వచ్చిన దారిని చూడటానికి కూడా అదే మిషనని డాక్టరు చెప్పేదాకా తెలియదు.

లోపల డాక్టరు గారే స్కాను చేశారు. పరికరానికి గ్లవుజులాంటి తొడుగు వేసి, చల్లటి జెల్లు రాసి, లోపలికేమీ పెట్టకుండా కింద బయటినుంచే ఆనించారు. భయపడ్డంత ఏమీ లేదు. "చూస్తారా?" అని తెర నా వైపు తిప్పారు.

ముందు ఏమీ అర్థం కాలేదు, చెదిరిన బూడిదలా కనిపించింది. డాక్టరు గారు వేలితో చూపించారు. మధ్యలో ముడతలు, వాటి చుట్టూ నల్లటి వలయం, దాని చుట్టూ మందంగా తెల్లటి వలయం. అచ్చం గారెలా ఉంది. నా ఒంట్లో ఉన్నదాన్ని నేను చూడటం అదే మొదలు.

"ఈ నల్లది లోపలి కండరం. మీకు ఇది బాగానే ఉంది. ఈ తెల్లది బయటి కండరం, ఇదే చిరిగింది. గడియారం అనుకోండి, పన్నెండు దగ్గర కుట్టాం. చూడండి, అక్కడ కాస్త పలచగా కనిపిస్తుంది కదా, అది మచ్చ. కానీ వలయం కలిసింది."

"కలిసిందా?"

"కలిసింది. గాలి ఆపుకుంటున్నట్టు బిగించండి."

బిగించాను. తెర మీద ఆ గారె ముడుచుకుంది. నేను చెప్పినట్టు విన్నది ఆ మూడు నెలల్లో అదొక్కటే. నాకు నవ్వొచ్చింది, నవ్వితే బొమ్మ చెదిరింది, డాక్టరు గారు కదలొద్దన్నారు. దగ్గమన్నారు. దగ్గాను. కిందికి దిగింది గానీ తెరుచుకోలేదు.

"డాక్టరు గారూ, అరవొచ్చా?"

"దేనికి?"

"నా పనే అరవడమండీ." సంగతంతా చెప్పాను. కుర్చీ సంగతి కూడా. ఆవిడ నవ్వలేదు, కళ్ళజోడు సర్దుకున్నారు.

"సరే, పరికరం నేను పట్టుకునే ఉంటాను. మెల్లగా అరవండి, చూద్దాం."

మెల్లగా అరవడం నేను ఎక్కడా నేర్చుకోలేదు. ఊపిరి తీసి, మా సినిమాల పురిటి కేక, ఇంటర్వెల్ ముందు వేసేది, పూర్తిగా వేశాను. కళ్ళు మాత్రం తెర మీదే పెట్టాను. కేకతో పాటు లోపలున్నదంతా కిందికి తోసుకొచ్చింది, తెల్లటి వలయం బిగుసుకుంది, వణికింది, అలాగే నిలబడింది. కేక అయిపోయేదాకా నిలబడింది.

తలుపు ధడాలున తెరుచుకుంది. పాపని చంకలో వేసుకుని మా అమ్మ. "ఏమైందే! ఏం జేసిన్రు నా బిడ్డను?" ఆమె వెనక కౌంటరు అమ్మాయి, ఆ వెనక నిండు నెలల గర్భిణులు ఇద్దరు, మొహాలు పాలిపోయి. పాప కూడా ఏడుపందుకుంది.

"ఏం గాలేదమ్మా, మంచిగున్న," అన్నాను. అప్పటికి నేను ఏడుస్తున్నాను, అందుకని ఎవరూ నమ్మలేదు.

వాళ్ళను పంపించాక డాక్టరు గారు జెల్లు తుడుస్తూ అన్నారు, "నా సర్వీసులో ఇలాంటి స్కాను చెయ్యలేదమ్మా. నిలిచింది. కానీ పడుకుని ఉంటే నిలిచింది. నిలబడి అరిస్తే బరువు వేరు. బలం ఇంకా రావాలి, ఇంట్లో చెయ్యమన్న ఆ బిగించే ఎక్సర్‌సైజులు మానకండి."

"నిలబడితే నిలుస్తుందా?"

"అది నిలబడితేనే తెలుస్తుంది."

ఆ మాట పట్టుకుని స్టూడియోకి వెళ్ళాను. ఆ పిల్ల అక్కడే ఉంది, మిగతా సీన్లు పూర్తి చేయడానికి. ఎదురొచ్చి "పాప ఎలా ఉందక్కా, మీకు నీరసం తగ్గిందా?" అని చెయ్యి పట్టుకుంది. తేనెరంగు చుడీదారు వేసుకుంది, నడుము ఇంతే ఉంది. కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. ఆ కాలు మీద కాలు చూసి నాకు మళ్ళీ మొదటికొచ్చింది.

గదిలో నేనొక్కదాన్నే. కుర్చీ ముందే తీసేసి ఉంచారు. తెర మీద హీరోయిన్ ఆసుపత్రి మంచం మీద పడుకుని ఉంది. జుట్టు చెదరలేదు, నుదుటి మీద చెమట చుక్కలు ముత్యాల్లా పేర్చినట్టున్నాయి. ఈమె ఈ సీను చేసి, మొహం కడుక్కుని, మర్నాడు పాటలో గెంతి ఉంటుంది. నేను హెడ్‌ఫోన్ పెట్టుకుని, పాదాలు ఆనించి, తెర మీద చూసిన ఆ గారెను తలుచుకుని బిగించి, అరిచాను.

నిలిచింది. రెండో అరుపుకీ, చివరి పెద్ద కేకకీ నిలిచింది. ఒక్క టేకులో అయిపోయింది. గాజుకి అవతల డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు, సౌండ్ అతను బొటనవేలు ఎత్తాడు. వాళ్ళు నా గొంతుకి కొట్టారు. నా కండరం నిలబడ్డ సంగతి ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఎవరితోనైనా చెప్పుకోవాలని ఎంతనిపించిందో.

సీనంతా కలిపి వేసి చూశారు. నా కేక, వెంటనే ఆ పిల్ల గొంతులో "నా బిడ్డ... నా బిడ్డనివ్వండి" అన్న మాట. మళ్ళీ వేశారు. డైరెక్టరు గారు గడ్డం గోక్కున్నారు.

"అతుకు తెలిసిపోతోందమ్మా," అన్నారు. "అరిచింది ఒకరు, అడిగింది ఇంకొకరు అని తెలుస్తోంది."

ఇదే సమయం. "అయితే డైలాగులు కూడా నేను చెప్పేస్తాను సార్. మొదటి నుంచీ చెప్పేస్తాను. పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చుంటాను."

ఆయన నా మొహం చూడలేకపోయారు. "సినిమా అంతా ఆ అమ్మాయి గొంతు పడిపోయింది కదమ్మా. హీరోయిన్ కూడా విని బాగుందంది. ఒక పని చేద్దాం. ఇప్పుడు మీరు అరిచినట్టు ఆ అమ్మాయి చేత అరిపించండి. మీరు దగ్గరుండి చెప్పించండి. మీ చేతిలో పెరిగిన పిల్లే కదా."

అంటే నా కేక కూడా తీసేస్తారు. ఇన్నాళ్ళూ నేను ఏడ్చింది, బిగించింది, బల్ల మీద పడుకుని ఊరంతా బెదిరిపోయేలా అరిచింది అంతా ట్రాక్ అయిపోయింది.

ఆ పిల్ల వచ్చి నా పక్కన మైకు ముందు నిలబడింది. "చెప్పండక్కా, నాకు రావట్లేదు," అంది. అరిచి చూపించింది. బొద్దింకను చూసినట్టు అరిచింది. నాకు చల్లగా అనిపించింది, ఆ మాట దాచను. ఇలాగే ఇంకొంచెం పెంచు, చాలు అని చెప్పి బ్యాగు తీసుకుని వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. సినిమాల్లో అందరూ అలాగే అరుస్తారు. నేను ఇందాక అరిచిందీ అలాంటిదే, కాస్త పనితనం ఎక్కువ, అంతే.

ఆ పిల్ల మళ్ళీ అరిచింది. మళ్ళీ. ప్రతిసారీ అబద్ధంగా. మూడోసారికి నా చెవులు తట్టుకోలేకపోయాయి. దొంగ కేక విని ఊరుకునే చెవి నాకు దేవుడివ్వలేదు.

"గొంతుతో కాదు," అన్నాను. ఆమె అరచెయ్యి తీసుకుని ఆమె పొత్తికడుపు మీదే పెట్టాను. "బిడ్డ తల వచ్చేసింది. డాక్టరు ముక్కొద్దంటోంది, ఊదమంటోంది. నువ్వు ఊదాలనే చూస్తున్నావు. నీ ఒళ్ళు మాత్రం నీ మాట వినడం లేదు, అదే తోసేస్తోంది. నువ్వు అరవట్లేదు. ఊదబోతుంటే అరుపు వస్తోంది."

ఆమె కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది. అప్పుడు ఆమె చెవి దగ్గరికి వంగి, మైకుకు అందకుండా, నేను నిజంగా ఆ రోజు చేసిన చప్పుడు చేసి వినిపించాను. అది పెద్ద కేక కాదు. లావుగా, కిందినుంచి, గొడ్డు మూలిగినట్టు మొదలై, పైకి రాబోయి, ఊదే ఊపిరిలో ముక్కలైపోతుంది. మా ఆయనకి కూడా ఎప్పుడూ వినిపించలేదు. దాన్ని ఎక్కడా వాడలేదు. నాకోసం దాచుకున్నాను.

ఆ పిల్ల కళ్ళు మూసుకుంది. సౌండ్ అతను సీను వేశాడు.

వచ్చేసింది. అదే లావు, అదే ఊపిరి, అవే ముక్కలు. దాని వెనకాలే ఎక్కడా అతుకు లేకుండా "నా బిడ్డ... నా బిడ్డనివ్వండి." డైరెక్టరు గారు ఓకే చెప్పడం మరిచిపోయి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాకైతే ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేకపోయాను.

ఆ పిల్ల కంగారుపడి నన్ను పట్టుకుంది. "అయ్యో ఏడవకండక్కా. బాధంతా గుర్తొచ్చిందా?"

"అవును," అన్నాను.

నాకు ఏ బాధా గుర్తు రాలేదు. ఆ చప్పుడు నాది. దానికోసం చిరిగింది నేను, కుట్టించుకున్నది నేను. రేపు ఏ ఊరి హాల్లో వేసినా అది ఆమె గొంతులోనే వస్తుంది, నా కూతురు పెద్దదై చూసినా ఆమె గొంతులోనే వింటుంది. నేను కుళ్ళుకుని ఏడుస్తుంటే ఆమె నా వీపు నిమురుతోంది, చాలా మెత్తగా, మంచి పిల్ల కాబట్టి. తర్వాత ఆమె గోరువెచ్చటి నీళ్ళు కాసిని తాగి, గొంతు సవరించుకుని, "తర్వాత సీను వేస్తారా సార్?" అంది.